ఏసీ గదిలో కబడ్డీ

కొత్తలంక పీచు ఫ్యాక్టరీకి పై ఆఫీసు నుంచి ఉత్తరువు రాని రోజు ఉండేది కాదు గానీ, వచ్చిన ఉత్తరువుని చదివి ఆనందించే మనిషి మాత్రం ఒక్కరే ఉండేవారు. ఆయన హెడ్ క్లర్కు అబ్బులు గారు. కొబ్బరికాయని చెవి దగ్గర ఊపి నీళ్ళున్నాయో లేవో చెప్పేవాళ్ళున్నట్టే, ఆయన కవరు ఊపి లోపల ఎంత కఠినమైన నిబంధన ఉందో చెప్పేసేవారు.

రాష్ట్ర కొబ్బరి పీచు అభివృద్ధి సంస్థ వారి ఆ ఫ్యాక్టరీ గోదావరి పాయల మధ్య ఒక లంకలో ఉండేది. పడవ దిగితే ఫ్యాక్టరీ, దాని వెనక ఆఫీసు, ఆఫీసు వెనక క్వార్టర్లు, క్వార్టర్ల వెనక మళ్ళీ గోదావరి. ఫోను జేబులోకి వచ్చింది గానీ టీవీ ఇంకా ఫోనులోకి రాని రోజులవి. కరెంటు సంస్థది కాబట్టి క్వార్టర్లలో బల్బు, ఫ్యాను తప్ప మూడో వస్తువు ప్లగ్గులో పెట్టకూడదని నిబంధన. అది అమలవుతోందో లేదో అబ్బులు గారు రోజూ పొద్దున్నే కిటికీల్లోంచి తొంగి చూసి వెళ్ళేవారు. అందుచేత కాలనీ అంతటికీ టీవీ ఒక్కటే. అది ఆఫీసు పక్కన వినోద మందిరంలో ఉండేది. సాయంత్రం షిఫ్టు దిగిన జనం అక్కడ చాపలు పరుచుకుని, వేరుశనక్కాయలు వలుచుకుంటూ, సీరియల్లో అత్తగార్ని తిట్టిపోసి, కడుపు చల్లబడ్డాక ఇళ్ళకి పోయేవారు.

ఆ టీవీ మీద పడింది ఉత్తరువు.

"సంస్థ యొక్క యావత్తు వినోద మందిరములయందు కేబుల్ టెలివిజన్ అను దుబారాను తక్షణమే నిలుపుదల చేయవలెను. తత్‌స్థానమున, యూనిట్లలో మూలబడియున్న పాత కంప్యూటర్ల విడిభాగములతో చౌకధర గృహ చిత్రశాలా గణకములను స్థానికముగా నిర్మించుకొనవలెను. పరుల తీగపై వ్రేలాడు సంస్థ పైకి రాజాలదు."

కొత్తగా వచ్చిన మేనేజింగ్ డైరెక్టరు గారు ఏదో విందుకి వెళ్ళి, అక్కడ ఒకాయన పాత కంప్యూటర్ని టీవీకి తగిలించి సినిమా ఆడించడం చూశారట. మనిషి ఆ రాత్రి భోజనం కూడా సరిగా చెయ్యలేదట.

కేబులు ఆ సాయంత్రమే కత్తిరించారు. తియ్యడానికి ఉత్తరువు చాలు, పెట్టడానికి కమిటీ కావాలి. కాబట్టి కంప్యూటరు మాత్రం వెంటనే రాలేదు. కార్మికులు ఖాళీ గోడ ముందు చాపలు పరుచుకుని, ఆ సీరియల్లో ఇప్పుడేం జరుగుతుంటుందో ఊహించుకుంటూ కూర్చునేవారు.

అబ్బులు గారు మాత్రం ఉత్సాహంగా ఉన్నారు. దానికి ఇంకో కారణం ఉంది. ఆయన కూతురు సత్యవేణి క్రీడా హాస్టల్లో చదువుకుంటూ కబడ్డీ ఆడేది. ఈసారి రాష్ట్రం జట్టులోకి ఎంపికైంది.

"ఫైనలు దూరదర్శన్‌లో లైవు ఇత్తారంట నాన్నా. మేం ఫైనల్‌కెల్తే ఈసారైనా చూత్తావా?" అని ఫోనులో అడిగింది.

ఆ 'ఈసారైనా' అన్న మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. పిల్ల లంగా ఎగ్గట్టుకుని ఇసకలో కూత పెట్టిన నాటి నుంచీ ఒక్క ఆట కూడా ఆయన చూసిన పాపాన పోలేదు. ఆట ఎప్పుడూ పనిరోజే వచ్చేది, సొంత పని మీద సెలవు పెట్టడం ఆయన వంటికి పడేది కాదు. కప్పులూ షీల్డులూ ఇంటికి వచ్చినప్పుడు తుడిచి బీరువా మీద పెట్టడం వరకే ఆయన చేసిన పని.

"చూత్తానమ్మా. మనకి కంప్యూటరు టీవీ వత్తంది. కేబులోడు దిగదుడుపు దాని ముందు," అన్నారు.

కంప్యూటరు కట్టే బాధ్యత సాంకేతికాధికారి పూర్ణచంద్రం గారి మీద పడింది. ఆయన పీచు చితక్కొట్టే యంత్రాల్లో నిపుణుడు. అటక మీద నాలుగు చచ్చిన కంప్యూటర్లుంటే, ఒకదాని గుండె, ఒకదాని మెదడు, ఇంకోదాని ఊపిరి తీసి ఒక్కటి చేశారు. టీవీ బొమ్మని పట్టే కార్డొకటి పట్నం నుంచి తెప్పించారు. కొబ్బరి చెట్టెక్కించి ఏంటెన్నా కట్టించారు. పాత టీవీనే తెరగా తగిలించారు. అన్నీ కుదిరాయి, దూరదర్శన్ బొమ్మ అద్దంలా పడింది. అప్పుడు ఎవరికో గుర్తొచ్చింది, సంస్థలో ఏ వస్తువు తయారుచేసినా సంస్థ ఉత్పత్తుల్నే వాడాలని. ఇంకేముంది, కంప్యూటరుకి పీచు అట్టతో పెట్టె చేసి, లోపల పీచు పరుపు వేసి, పైన పీచు తివాచీ కప్పారు. పావుగంట తిరిగేసరికి దానికి జ్వరం వచ్చి పడిపోయింది.

"ఏం చెయ్యమంటారండి అబ్బులు గారూ? పీచుంచితే కంప్యూటరు పోద్ది, పీచు తీత్తే నా ఉజ్జోగం పోద్ది," అన్నారు పూర్ణచంద్రం గారు తల పట్టుకుని.

అబ్బులు గారు కళ్ళు మూసుకుని కాసేపు ధ్యానం చేశారు. ఆయన ధ్యానంలో దేవుళ్ళు కనపడరు, పాత ఉత్తరువులు కనపడతాయి.

"కంప్యూటరున్న గదికి ఏసీ ఉండాలని పూర్వం ఉత్తరువుంది కదండీ! ఆఫీసుల్లోకి కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లోది. దాన్నెవరూ రద్దు చెయ్యలేదు."

ఆ వినోద మందిరానికి ఒక్క ఫ్యాను ఇప్పించండి మహాప్రభో అని కార్మికులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటే, పై ఆఫీసు వారు కిటికీలు తీసుకోమని సలహా ఇచ్చారు. ఇప్పుడు అబ్బులు గారు ఒక్క పేరా రాశారు. "సదరు మందిరమున గల వస్తువు ఇకమీదట టెలివిజన్ కాదు, కంప్యూటరు. కావున సదరు మందిరము కంప్యూటరు గదిగా పరిగణింపబడవలెను." ఫ్యానుకి లేని దారి ఏసీకి దొరికింది. రెండు ఏసీలు పడవ మీద దిగాయి. కాలనీ జనం రేవుకి ఎదురెళ్ళి అబ్బులు గారి మెడలో బంతిపూల దండ వేశారు.

"మా ఆయన గాలిని కూడా శాంక్షను చేయించేరండి," అని ఆయన భార్య మంగాయమ్మ ఇంటింటికీ చెప్పుకుంది.

ప్రారంభోత్సవం నాడు మేనేజరు త్రివిక్రమరావు గారు కొబ్బరికాయ కొట్టారు, పీచు వేరుగా జమ చేయించారు. జనం చాపలు చంకన పెట్టుకుని లోపలికి అడుగు వెయ్యబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏసీలతో పాటు నిబంధనావళి కూడా జతపరచబడినది. సావధానంగా ఆలకించవలసిందిగా కోరుతున్నాను. మొదటిది, పాదరక్షలు బయట విడవవలెను."

అందరూ సంతోషంగా చెప్పులు విడిచారు. గుళ్ళోకి వెళ్ళినట్టే ఉంది అనుకున్నారు.

"రెండవది, ధూళి కంప్యూటరుకు విషతుల్యము. ఒంటిపై పీచు ధూళి గలవారు ప్రవేశించరాదు."

పీచు వడికే చెల్లాయమ్మ తన చీర వంక చూసుకుంది. పుట్టిన నాటి నుంచీ ఆ ధూళిలోనే బతికిన మనిషి. "మా ఒంటి మీద పీచు లేపోతే మీ ఒంటి మీద ఇస్త్రీ చొక్కా ఎక్కడిదండీ?" అంది.

త్రివిక్రమరావు గారు ఆ ప్రశ్న నిబంధనావళిలో లేదు కాబట్టి వినలేదు. "మూడవది, కంప్యూటరు గదిలో అధీకృత ఆపరేటరు గాక ఇద్దరికి మించి ఉండరాదు. నాల్గవది, తినుబండారములు నిషిద్ధము. అయిదవది, గది పనివేళలు ఉదయం పది నుండి సాయంత్రం అయిదు వరకు. ఆదివారం సెలవు."

"పది నుంచి అయిదు దాకా మేం ఫ్యాక్టరీలో ఉంటాం కదండీ?" అన్నారెవరో వెనక నుంచి.

"అది మీ కర్తవ్యము," అన్నారు మేనేజరు గారు.

గదికి అద్దాల తలుపు బిగించారు. ఉమాపతి అని ఒక కాంట్రాక్టు ఆపరేటర్ని వేశారు. అతను పొద్దున్న పదింటికి కంప్యూటరు వేసి, పగలంతా వ్యవసాయ కార్యక్రమాలు ఒక్కడే చూసి, స్వెట్టరు వేసుకుని వణికి, అయిదింటికి కట్టేసి పడవెక్కేవాడు. ఆ నెల వినోద మందిరంలో గొడవలు పూర్తిగా సమసిపోయాయనీ, యంత్రం ఎలాంటి అరుగుదలా లేకుండా పనిచేస్తోందనీ త్రివిక్రమరావు గారు నివేదిక పంపారు. పై ఆఫీసు వారు మెచ్చుకుంటూ జవాబు రాశారు. మెడలో దండ వేసిన జనం మాత్రం అబ్బులు గారు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోవడం మొదలుపెట్టారు. ఏసీ ఇప్పించమన్నామా, టీవీ ఉంచమన్నాం గానీ అని చెల్లాయమ్మ ఆయనకి వినపడేలాగే అంది.

గురువారం సాయంత్రం సత్యవేణి ఫోను చేసింది. సెమీస్ గెలిచారు. ఆదివారం సాయంత్రం ఫైనలు.

"చూత్తావు కదా నాన్నా?"

"చూత్తానమ్మా," అన్నారాయన. ఆదివారం ఆ గదికి సెలవని అప్పుడే గుర్తొచ్చింది.

మర్నాడు మేనేజరు గారి గదిలో అబ్బులు గారు జీవితంలో మొదటిసారి సొంత పని మీద చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అయ్యా, ఆదివారం మా అమ్మాయి ఆటండి. ఒక్క పూట ఆ గది తీయిస్తే, కాలనీ అంతా చూత్తాం."

"హెడ్ క్లర్కు గారూ," అన్నారు త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీసి, "మీరు అడుగుతున్నది టెలివిజన్ వీక్షణ. ఆ గదిలో ఉన్నది టెలివిజన్ కాదు, కంప్యూటరు. ఈ మాట నాది కాదు. మీది."

"నాదేనండి."

"పోనీ అది టెలివిజనే అని ఇప్పుడు రాయండి. అప్పుడు ఏసీలు ఎందుకు తెప్పించామో కూడా మీరే రాయవలసి ఉంటుంది."

అబ్బులు గారు తాను తీసిన గోతి లోతెంతో అప్పుడు చూసుకున్నారు. అయినా పట్టు విడవకుండా పై ఆఫీసుకి ఫ్యాక్సు పెట్టించారు. శనివారం మధ్యాహ్నానికి జవాబు వచ్చేసింది. అంత తొందరగా జవాబు రావడం సంస్థ చరిత్రలో లేదు.

"ఆదివారము యంత్రమును నడుపుటకు అనుమతించడమైనది. వీక్షకుల విషయమై ఉత్తరువులు వేరుగా వెలువడును. గది తెరచినచో హెడ్ క్లర్కు తప్పక విధులలో ఉండవలెను."

అంటే కంప్యూటరు మ్యాచి చూడవచ్చు, మనుషులు చూడకూడదు. అబ్బులు గారు ఉండాలి గానీ చూడకూడదు. రేవు దాటి ఏ చుట్టాల ఇంట్లోనో చూద్దామన్న ఆశ కూడా చివరి వాక్యంతో పోయింది.

త్రివిక్రమరావు గారు ఊరికి వెళ్తూ ఉమాపతికి ఇంకాస్త వివరంగా చెప్పారు. "ఆపరేటరు వీక్షకుడు కాడు. కావున తెరకు వీపు పెట్టి కూర్చో. వరండా గోడ మీది గడియారం తలుపు అద్దంలోంచి ఎదురుగా కనపడుతూ ఉంటుంది. అది అయిదు చూపగానే కట్టెయ్. గడియారం ఆగిపోతే నీ చేతి వాచీ ప్రకారం కట్టెయ్. ఒక్క నిమిషం దాటినా నీ కాంట్రాక్టు ఆలోచించుకోవలసి ఉంటుంది."

ఆదివారం మూడింటికే జనం వరండాలో చేరారు. అద్దాల తలుపు మూసి ఉంది. బయట నిలబడి అద్దంలోంచి చూడకూడదని నిబంధనావళిలో ఎక్కడా లేదని అబ్బులు గారు రాత్రంతా వెతికి ఖాయం చేసుకున్నారు. లోపల చలి, బయట గోదావరి గాలి తేమ. దాంతో అద్దం బయటివైపు నిమిషానికోసారి మంచు పట్టినట్టు తెల్లబడిపోయేది. కండువాలతో, కొంగులతో తుడుచుకుంటూ చూడాలి. శబ్దం రాదు. అయినా ఫర్వాలేదనుకున్నారు, పిల్ల కనపడితే చాలు.

మ్యాచి మొదలు కాలేదు. ముఖ్య అతిథి గారు క్రీడలు ఆరోగ్యానికి మంచివని చెబుతున్నారు. శబ్దం లేకపోయినా, చెయ్యి ఊపే తీరు చూసి ఇప్పట్లో ఆపరని అందరికీ తెలిసిపోయింది. ఆయన దిగాక ఇంకొకాయన ఎక్కారు. చివరికి ఆట మొదలయ్యేసరికి నాలుగున్నర కావస్తోంది.

"అదుగోనండీ మన పాప! ఏడో నంబరు!" అంది చెల్లాయమ్మ అద్దం మీద మొహం ఆనించి. ఆ క్షణంలో ఆమె ఏసీల సంగతి మరిచిపోయింది.

అబ్బులు గారు చూశారు. తన పిల్లే. జడ బిగించి కట్టి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఎదుటివాళ్ళని పురుగుల్లా చూస్తోంది. ఇంట్లో ఎప్పుడూ అలా నిలబడగా చూడలేదు. ఇన్నాళ్ళూ చూడనందుకు సిగ్గు, ఇప్పుడు చూస్తున్నందుకు గర్వం, రెండూ ఒకేసారి వచ్చి, ఆయన కండువాతో అద్దం మళ్ళీ తుడిచారు.

విరామం తర్వాత పాయింట్లు సమానమయ్యాయి. ఇంకా ఆట మిగిలే ఉంది. అబ్బులు గారు అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి వరండా గోడ మీది గడియారం చూశారు. అయిదు కావడానికి కాస్తే ఉంది. లోపల తెరకి వీపు పెట్టుకుని కూర్చున్న ఉమాపతి కూడా అదే గడియారం చూస్తున్నాడు. చెయ్యి అప్పుడే మీట వైపు వెళ్తోంది.

"బాబూ, రెండు నిమిషాలు!" అని జనం అద్దం మీద బాదారు.

"నాకు పిల్లలున్నారండి," అన్నట్టు అతను రెండు చేతులూ జోడించాడు.

అబ్బులు గారు స్టూలు లాక్కుని గోడ దగ్గర వేసుకుని ఎక్కారు. గడియారం అద్దం తలుపు తీసి, పెద్ద ముల్లు కొనకి అడ్డంగా చూపుడు వేలు పెట్టారు. ముల్లు ఆగింది. లోపల చక్రాలు మాత్రం టిక్కు టిక్కుమంటూనే ఉన్నాయి.

మంగాయమ్మ పరుగెత్తుకొచ్చింది. "అదేంటండీ! ముల్లు ఓ అరగంట ఎనక్కి తిప్పేసి దిగొచ్చేయొచ్చు కదా!"

"ఎనక్కి తిప్పితే సవరణ. సవరణకి పై ఆఫీసు అనుమతి కావాలి. ముందుకెళ్ళకుండా పట్టుకుంటే నిలుపుదల. నిలుపుదల నా స్థాయిలో చెయ్యొచ్చు."

"పోనీ నేను పట్టుకుంటాను. మీరెళ్ళి చూడండి."

"గడియారం నా ఛార్జీలో ఉంది మంగా. నువ్వు ముట్టుకుంటే అది వేరే నేరం."

"మీ ఛార్జీ తగలెయ్య! పిల్ల ఆడతందండీ అక్కడ!"

"అందుకే పట్టుకున్నాను. నువ్వెళ్ళి చూడు. చూసి నాకు చెప్పు."

లోపల ఉమాపతికి స్టూలూ, స్టూలు మీద హెడ్ క్లర్కు గారూ, ఆయన వేలూ అన్నీ కనపడుతూనే ఉన్నాయి. గడియారం ఆగలేదు, టిక్కుమంటోంది. అయిదు కాలేదు. అతను చెయ్యి వెనక్కి తీసుకుని స్వెట్టరు జేబులో పెట్టుకున్నాడు.

"ఎదుటోళ్ళ పిల్ల వచ్చిందండీ కూతకి! మనోళ్ళు కాళ్ళు పట్టేసేరు! పట్టేసేరండీ!" మంగాయమ్మ అరుస్తోంది.

అబ్బులు గారికి ఎదురుగా సున్నం గోడ తప్ప ఏమీ లేదు. ఒక్కసారి మెడ తిప్పి చూద్దామనుకున్నారు. తిప్పీ తిప్పగానే వేలు జారింది, ముల్లు చటుక్కున ఒక అడుగు ముందుకేసింది, లోపల ఉమాపతి కుర్చీలోంచి సగం లేచాడు. అబ్బులు గారు మళ్ళీ వేలు అదిమిపట్టి గోడ వైపు తిరిగిపోయారు. ఇంక మెడ కదపలేదు. చెమట కళ్ళలోకి దిగుతున్నా తుడుచుకోలేదు.

"మళ్ళీ సమానం అయిపోయేరండీ! ఇంక అమ్మాయే! అమ్మాయి ఎల్తంది కూతకి!"

"జాగర్తని చెప్పు," అన్నారాయన గోడతో.

"ఎలా చెప్పనండీ, అక్కడెక్కడో ఉంటే! అయ్యయ్యో, అద్దం మూసుకుపోయింది, తుడవండర్రా! ఎల్లింది... ఒకద్దాన్ని ముట్టుకుంది! పట్టేసుకున్నారు! ముగ్గురు పడిపోయేరు మీద! లేవే తల్లీ, లాగు, లాగవే!"

ఆ తర్వాత మంగాయమ్మ గొంతు ఆగిపోయింది. వరండా అంతా ఆగిపోయింది. అద్దం మీద కండువా రాసిన కీచు శబ్దం తప్ప ఏమీ లేదు. అబ్బులు గారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ముల్లు ఆయన వేలిని నెడుతోంది. పిల్లని కూడా అలాగే ముగ్గురు నెడుతుంటారనుకుని, రెండు వేళ్ళు ఆనించారు.

అప్పుడు లేచింది కేక. చెల్లాయమ్మ తన చాప గాల్లోకి విసిరేసింది. మంగాయమ్మ వచ్చి స్టూలు కాళ్ళు పట్టుకుని ఏడ్చేసింది.

"చెయ్యి చాపి గీత ముట్టేసిందండీ! మనమే! మనమే గెలిచేం!"

అబ్బులు గారు వేలు తీశారు. ముల్లు పన్నెండు మీదికి దూకింది, గడియారం టంగుటంగున అయిదు కొట్టింది. ఉమాపతి ఠంచనుగా లేచి కంప్యూటరు కట్టేశాడు. ముల్లు అదిమిపట్టిన వేలు వంకరపోయి ఎంతకీ సాపుగా రాలేదు. సోమవారం త్రివిక్రమరావు గారు వచ్చి, ఆదివారం కూడా గది సరిగ్గా అయిదింటికే మూతపడిందని తెలుసుకుని, క్రమశిక్షణకి అబ్బులు గారిని ప్రశంసిస్తూ పై ఆఫీసుకి రాశారు.

అంతకుముందే, ఆదివారం చీకటి పడకుండానే ఫోను మోగింది. వెనకాల డప్పులు వినపడుతున్నాయి, పిల్ల రొప్పుతూనే ఉంది.

"నాన్నా! చూశావా?"

అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. ఆఖరి కూత చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. వంకరపోయిన వేలి వంక చూసుకున్నారు.

"నువ్వు గీత ముట్టుకునేదాకా అయిదు కొట్టనివ్వలేదమ్మా," అన్నారు.